తువాలుకి అంటిన వాసన

“ఇంజన్‌ని చంపింది నువ్వే నాన్నా! ఇంకెవ్వలు గాదు, నువ్వే! నిన్న పిల్లలకేమన్న అయ్యుంటే ఆ పాపం సుత నీ నెత్తి మీదనే ఉండు!”

ప్రభుదాస్ అరుపుకి పక్కింటి శారదమ్మ చీపురు పట్టుకొనే గోడ మీంచి తొంగి చూసింది. శనివారం పొద్దున ఏడున్నర. తిరుమలగిరిలో ఆ సందులో ఒకరింట్లో దగ్గితే మూడో ఇంట్లో మంచినీళ్ళు ముంచుతారు. ఇక అరిస్తే చెప్పాలా?

గడప మీద కూర్చొని చేటలో బియ్యం ఏరుతున్న కాంతమణి కదల్లేదు. మొగుడి కోపం ఆమెకి న్యాయంగానే తోచింది. నిన్న సాయంత్రం బడి వదిలాక ఏడుగురు పిల్లల్ని ఎక్కించుకొని వస్తూ, ఆ అంబాసిడర్ బొల్లారం రైల్వే గేటు దగ్గర సరిగ్గా పట్టాల మీద ఆగిపోయింది. ఆ ఏడుగురిలో వాళ్ళ లీలాకుమారి కూడా ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల. గేటు మనిషీ, దారిన పోతున్న ఇద్దరు సిపాయిలూ కలిసి బండిని అవతలికి నెట్టారు. గేటు పడింది, రైలొచ్చింది. పిల్లలు దానికి చేతులూపి టాటా చెప్పారు. ప్రభుదాస్ మాత్రం స్టీరింగ్ మీద తల వాల్చి పది నిమిషాలు లేవలేదు.

ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయాక ఆ కారే వాళ్ళ అన్నం. పిల్లల్ని బడికి దింపడం, మళ్ళీ తేవడం. కారు కొన్నది ప్రభుదాస్ తండ్రి దేవానందం, రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా పోసి. బాపట్ల నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి, మిలిటరీ వర్క్‌షాపులో నలభై ఏళ్ళు ఫిట్టర్‌గా చేశాడు. ఇంజన్ల మధ్యే చెవులు చాలావరకు పోగొట్టుకున్నాడు; ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. వర్క్‌షాపులో తెల్లారగానే ప్రతి బండినీ స్టార్ట్ చేసి చూడాలని రూలట. రిటైరైనా ఆ రూలు ఆయన్ని వదల్లేదు. రోజూ అయిదింటికి లేచి, ప్రార్థన కన్నా ముందు కారు స్టార్ట్ చేసేవాడు. ఈ మధ్య నాలుగు నెలలుగా మరీ ఎక్కువైంది. గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ పంపే చోక్ బయటికి లాగిపెట్టి అరగంట సేపు బండిని అలా మూలిగిస్తూనే ఉంటున్నాడు.

“రోజూ చోక్ లాగుడు, పొగ పెట్టుడు! ఇంజన్ల మసి నింపినవ్ గద!” ప్రభుదాస్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. “నీ మిలిటరీ తరీఖాలు నా రోజీరోటీ మీద ఎందుకు నాన్నా? చెప్పు తుకారాం భాయ్, ఎంతయితదో ఆయనకే చెప్పు!”

బానెట్‌లోంచి మెకానిక్ తుకారాం తల బయటికొచ్చింది. పొద్దున్నుంచీ బండిని ఎలాగో స్టార్ట్ చేసి, ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. మొదటిది పీకితే ఇంజన్ తడబడింది, రెండోదీ అంతే, నాలుగోదీ అంతే. మూడోది పీకితే ఏ మార్పూ లేదు. అంటే నాలుగు సిలిండర్లలో మూడోది పనిచేయడం లేదు. ప్లగ్గు మార్చినా అదే కథ.

“మూడోది సచ్చింది ప్రభన్నా. ఇంజన్ మొత్తం దించాలె. బోరింగు, పిస్టన్లు, అన్నీ. ఇరవై రెండు వేలు. జెర అటో ఇటో.”

ఆ అంకె వినగానే కాంతమణి చేతిలోని చేట వంగి బియ్యం నేలమీద పడ్డాయి. ఆ మంట ఆమె నోట్లోంచి ఇంకో దారిన బయటికొచ్చింది.

“కిరోసిన్ కూడా మావయ్యగారే తగలేస్తున్నరు! గ్యాస్ వచ్చినంక స్టవ్ ముట్టిచ్చిందే లేదు, డబ్బా ఎట్ల ఖాళీ అయితుంది? పానాలు కడగనీకె అన్ని లీటర్లా? రేషన్ షాపు ముందట ఎండల నిలబడేది నేను!”

దేవానందానికి వినిపించిందో లేదో, కోడలి పెదాలు చూసి అర్థం చేసుకున్నాడో. ఆమె కేసి ఒకసారి, కొడుకు కేసి ఒకసారి చూశాడు. “అవునమ్మా. తప్పు నాదే,” అన్నాడు. లోపలికి వెళ్ళాడు.

కాసేపటికి రేకు ట్రంకు పెట్టె ఈడుస్తూ బయటికొచ్చాడు. వెనకే లీల ఏడుపు మొహంతో వచ్చింది.

“ఎక్కడికి మావయ్యా?” కాంతమణి గొంతు తగ్గింది.

“మా చెల్లెలు రోసమ్మ దగ్గరికి. పద్మారావు నగర్ ఎంత దూరమని. కొన్నాళ్ళుండి వస్తాను. నేను లేకపోతే బండి మళ్ళీ పాడవదులే.”

లీల గబుక్కున వెళ్ళి పెట్టె మీద కూర్చుంది. “తాతా, నేను లెవ్వ. ఎట్ల తీస్కపోతవో చూస్త.”

ముసలాయన నవ్వబోయి ఆగాడు. ప్రభుదాస్ మొహం తిప్పుకున్నాడు. ఆపలేదు. ఆపాల్సిన నోరు ఆపకపోతే ఆ మౌనం తిట్టు కన్నా పెద్దది. అది కాంతమణికి అప్పుడే గుచ్చుకుంది.

దేవానందం వీధి వైపు రెండడుగులేసి, బానెట్ దగ్గర ఆగాడు. తెరిచిన ఇంజన్ పక్కనుంచి వెళ్ళిపోవడం ఆయన వల్ల కాలేదు. “తుకారాం, ఒక్కసారి స్టార్ట్ చెయ్యవయ్యా,” అన్నాడు. కొయ్య పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని పళ్ళతో కరిచిపట్టుకున్నాడు. శారదమ్మ గోడమీంచి కిసుక్కుమంది. చెవులు పోయాక ఆయన ఇంజన్‌ని వినే పద్ధతి అది. ఆ అదురు పళ్ళలోంచి పుర్రెలోకి పోతుంది. నాలుగుచోట్లా ఆనించి, కళ్ళు మూసుకొని విన్నాడు.

“ఆపు. కాంతం, ఇటు రామ్మా. నా భుజం సహకరించదు. హ్యాండిల్ నువ్వు తిప్పు.”

ఎందుకో కాదనలేకపోయింది. కారు ముందు భాగంలోంచి లోపలికి దూర్చిన ఇనప హ్యాండిల్ పట్టుకొని మెల్లగా తిప్పింది. ఒకచోట బావిలో నిండు బిందె లాగినట్టు బరువు. తరవాత ఉన్నట్టుండి చెయ్యి తేలిపోయింది. మళ్ళీ బరువు, మళ్ళీ బరువు, మళ్ళీ బరువు, మళ్ళీ తేలిక.

“ఒక దగ్గర ఖాళీగా పోతుంది మావయ్యా.”

“అదే మూడోది. గాలి నిలవడం లేదు. పిస్టన్లు గట్టిగానే ఉన్నాయి, వాటి చప్పుడు బాగుంది. వాల్వు మసి పట్టి కాలింది, మూసుకోవడం లేదు. ఇంజన్ దించక్కర్లేదు తుకారాం. పైన హెడ్ ఒక్కటి విప్పితే చాలు. నువ్వు చెప్పినదాంట్లో మూడోవంతు కూడా కాదు.”

తుకారాం తల గోక్కుని, మూడో ప్లగ్గు విప్పి పైకి తీశాడు. అది ఇంకా వెలుతురులోకి రాకముందే దేవానందం లాక్కుని భుజం మీది తువాలుతో గబగబా తుడిచేశాడు.

కాంతమణి చేతిలో హ్యాండిల్ ఆగిపోయింది. మొన్న కూడా ఈయన లీలని పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాడు: ప్లగ్గు మొహం చూస్తే ఇంజన్ కడుపులో ఏముందో తెలుస్తుంది, చూడకుండా తుడిచేవాడు ఫిట్టరే కాదు అని. మరి ఈ ఫిట్టరు ఎందుకు తుడిచాడు?

“ఆ తువాలు ఇటివ్వండి.”

“మురికమ్మా...”

“ఇవ్వండి మావయ్యా.”

ఆయన ఇవ్వలేదు. ఆమే లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర కూడా లేకపోయింది. నెలనెలా రేషన్ షాపు ముందు గంటలకొద్దీ నిలబడి పీల్చిన వాసన అది. తువాలు మీద తడి మరక అంచున లేత నీలం, రేషన్ కిరోసిన్ రంగు.

ఆమె తలెత్తి తుకారాం వైపు చూసింది.

“నాకెర్కే అక్కా,” అన్నాడతను నేల చూపులు చూస్తూ. “ఊళ్ళె సగం బండ్లు గిట్లనే నడుస్తున్నయ్. మాలిక్ ముందట మేమెట్ల చెప్పాలె?”

ఎరిగీ చెప్పనివాడు ఇరవై రెండు వేలకి ఇంజన్ దింపుతానంటాడు. ఎవరి లాభం వాళ్ళది. పట్టాల మీద ఆగేది మాత్రం పిల్లలు!

“పెట్రోల్‌ల కిరోసిన్ కలిపినవా?” కాంతమణి మొగుణ్ణి అడిగింది. అరవలేదు. అందుకే అతను బెదిరాడు.

“నువ్వు లోపలికి పో. అందరు చూస్తున్నరు.”

“చూడనీ. ఇంతసేపు మావయ్యని అందరి ముందటే గద తిట్టినవ్! కలిపినవా లేదా?”

ప్రభుదాస్ గోడ మీది శారదమ్మ వైపు ఒకసారి చూశాడు. “పెట్రోల్ రేటు మల్ల పెరిగింది. పిల్లల ఇండ్లల్ల పది రూపాయలు ఎక్కువ అడిగితే మొహాలు మాడ్చిండ్రు. ఏం చెయ్యాలె? మూడు లీటర్లకు ఒక లీటర్ కలిపిన. అంతే! నడుస్తుంది గదా అనుకున్న. నాన్న చోక్ గుంజకపోతే ఇంక నడుస్తుండె!”

“చోక్ లాగకపోతే అది స్టార్టే అవదురా,” అన్నాడు దేవానందం.

అందరూ ఆయన వైపు తిరిగారు.

“చలికి ఆ కల్తీ అంటుకోదు. మొదటిరోజే పొగలో వాసన తెలిసింది. చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు. నువ్వు ఆరున్నరకి బయల్దేరాలి. బండి మొరాయిస్తే పిల్లలకి బడి ఆలస్యం, నీకు మాట. అందుకని అయిదింటికే లేచి వేడి చేసి పెట్టేవాణ్ణి. వేడెక్కాక ఎలాగో కాలుతుంది గదా.”

ప్రభుదాస్ కారుకి ఆనుకొని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నాలుగు నెలలు. చలిలో మఫ్లరు చుట్టుకొని, వణికే చేత్తో చోక్ పట్టుకొని కూర్చున్న తండ్రిని ఇంటిల్లిపాదీ పిచ్చిముసలాయన అనుకున్న నాలుగు నెలలు.

“మరి నన్నెందుకు అడగలె నాన్నా? చెంప మీద ఒక్కటి కొట్టకపోయినవా!”

“అడిగితే నువ్వు నా మొహం చూళ్ళేవు. మొహం చూడని కొడుకుతో ఒకే కప్పు కింద ఎలా ఉంటాను? నేను పోతే నెపం కూడా నాతోనే పోతుంది, నీ పేరు నిలుస్తుంది అనుకున్నాను.” ఆయన మనవరాలి వైపు చూశాడు. “అదీ తప్పేరా. నిన్న బండి పట్టాల మీద ఆగిందంటే, అందులో నేను నోరు మూసుకున్న పాపం కూడా ఉంది. రాత్రంతా ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. మాట రాలేదు.”

ప్రభుదాస్ తండ్రి మోకాళ్ళు పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాంతమణి తువాలు కళ్ళకద్దుకుంది. ఆ కిరోసిన్ ఘాటుకి కళ్ళు మరింత మండాయి. మండనీ అనుకుంది. ఎండలో నిలబడి మోసుకొచ్చిన డబ్బా ఎటు పోతోందని మొగుణ్ణి ఒక్కనాడు అడగలేదు, మాట పడే ముసలాయన చేతికి దొరికాడని.

“నన్నన్న సంగతి అయిపోయిందిలే, లే,” దేవానందం కొడుకు తల నిమిరాడు. “ఈ హెడ్ నేను విప్పుతాను. తుకారాం సాయం పడతాడు, కూలి మాత్రమే తీసుకుంటాడు. ఏమయ్యా?”

“తీస్కుంట తాతా,” అన్నాడు తుకారాం సిగ్గుపడుతూ.

ప్రభుదాస్ కళ్ళు తుడుచుకొని పానాల సంచి అందుకోబోయాడు. ముసలాయన ఆ సంచి మీద కాలు పెట్టాడు.

“ఇప్పుడు కాదు. నన్నన్న మాట నేను తుడిచేసుకోగలను. ఆ పిల్లలది నేను తుడిచేది కాదు. వాళ్ళ అమ్మానాన్నలు బండి పాతదై ఆగిందనుకుంటున్నారు. నువ్వు పోయి నిజం చెప్పు. చెప్పేదాకా ఈ ఇంజన్ మీద పానా పడదు.”

“చెప్తే ఇంక పిల్లల్ని ఎవరు పంపుతరు నాన్నా? మనం ఏం తిందాం?”

“పంపితే పంపుతరు, లేకుంటే లేదు!” కాంతమణి లేచి నిలబడింది. “పస్తులుందాం. పిల్లల ప్రాణం మీద బువ్వ తినొద్దు. ఆరిండ్లకి నేను సుత వస్త. డబ్బా మోసుకొచ్చింది నేనే, మావయ్య మీద నోరు పారేసుకున్నది నేనే. అడుగు పెట్రోల్ పైసలు, సిగ్గు లేకుండ అడుగు. ఇస్తే నడుపుదాం, దొంగతనంగ మాత్రం వద్దు. కానీ అంతకంటె ముందు...”

ఆమె గడప వైపు చెయ్యి చూపింది. ట్రంకు పెట్టె మీద లీల ఇంకా అలాగే కూర్చుంది, రెండు చేతుల్తో అంచులు గట్టిగా పట్టుకొని, తండ్రినే చూస్తూ.

“ఆ బండ్ల ఉన్న ఏడో పిల్ల అగో, అక్కడుంది. తాత వల్ల బండి చెడిపోయిందని రాత్రి దానికి చెప్పింది నువ్వే. పో. పోయి దాని ముందర కూసోని, తాత కాదు నేనని చెప్పు. చెప్పి, ఆ పెట్టె నీ చేతులతోనే లోపల పెట్టు. లే, ఇప్పుడే పో!”