శేషప్ప ఇంకా లోపలున్నాడు

"శేషప్ప ఇంకా లోపలున్నాడు. ఆపడానికి కుదరదు."

ఎనభై ఎనిమిదిలో, మా ఆదోని పత్తి మిల్లులో సాయంత్రం ఆరింటికి కంప్యూటర్ ఆపబోతే తెర మీద ఇంగ్లీషులో ఇదే వస్తాండె. గోడౌన్ తూకాలు ఎక్కించే శేషప్ప దసరా పోయినాక జ్వరమొచ్చి సచ్చిపోయినాడు. ఆయన పేరు మాత్రం మిషన్‌లో ఎవురూ తీసెయ్యలేదు.

నిజం సెప్పాలంటే ఆ దయ్యం నేనే. మస్తాన్ వలి, గోడౌన్ గుమాస్తా. శేషప్ప పాస్‌వర్డ్ నాకు తెలుసు. ఐదున్నరకు గోడౌన్ టెర్మినల్లో ఆయన పేరుతో లాగిన్ అయి, తెర వెలుతురు తగ్గించి వస్తాంటి. ఎవురన్నా లాగిన్‌లో ఉంటే మిషన్ ఆగదు. కంప్యూటర్ చూసే నసీబ్‌బీ బెదిరిపోయి, "గోడౌన్ దాకా తోడు రా మస్తాన్" అంటాండె. ఆడ ఆమె సూడకుండా నేను లాగౌట్ సేస్తే మిషన్ ఆగుతాండె. ఆమెతో నడిచే ఆ పది నిమిషాల కోసమే ఇదంతా.

శుక్రవారం పొద్దున ఆమె అనింది, "రేపట్నుంచి రాను. సచ్చినోడు తిరిగే చోట ఉద్యోగమేందని అబ్బాజాన్ ఎమ్మిగనూరులో ఇంట్లోనే ఉండమన్నాడు."

ఎంత ఎదవ పని సేస్తి!

ఆ సాయంత్రం లాగిన్ కాకుండానే గోడౌన్ టెర్మినల్ స్విచ్ ఆపి, తాళమేసి, ఆమె పక్కన నిలబడినా. నిజం సెప్పాలనుకుంటి. అంతలోనే రేకుల మీద వాన మొదలైంది.

ఆమె మీటలు నొక్కింది.

"శేషప్ప ఇంకా లోపలున్నాడు."

జేబు తడుముకుంటి. తాళంచెవి నా జేబులోనే ఉంది.

కింద ఇంకో వరస మెల్లగా వచ్చింది. "మస్తాన్, నా పేరెందుకు వాడినావు?"

"తప్పైపోయింది శేషప్పన్నా!" కేక పెట్టినా. "ఈ పిల్ల కోసమే సేసినా. ఈమె లేకుంటే నేనుండలేను. వదిలెయ్యన్నా!"

తిరిగి సూస్తే నసీబ్‌బీ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకోని నవ్వుతాండాది.

"ఈ పొద్దు రెండు వరసలూ నేను రాసినవే. ఆపబోతే వచ్చే ఎర్రర్ మెసేజ్‌లో మిషన్ సగం సూపించి సగం పారేస్తాండె. మొత్తం సూపమని మొన్న మార్చినా. ఏ టెర్మినలో, ఎన్ని గంటలకో బయటపడింది. గోడౌన్ తాళం ఎవురి దగ్గరుంటుందప్పా?"

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెడితి.

"మరి... అబ్బాజాన్ వద్దన్నది?"

"అది నిజమే." ఆమె నవ్వు ఆగిపోయింది. శేషప్ప పేరు మిషన్‌లోంచి తీసేసింది. "రేపు ఎమ్మిగనూరు రా. దయ్యమెవురో నువ్వే సెప్పు."

"కొడతాడేమో?"

"కొట్టనీ. ఇప్పుడు శేషప్పన్నకు సెప్పినట్టే సెప్పు, ఒక్క మాట తగ్గకుండా."