ఎనిమిది సెకన్ల ముందు

ఆ ఉదయం కూడా క్రేనాయన టీ పొంగబెట్టాడు. ఆరు నెలలుగా ఆయన పాలు పొంగకుండా దించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రేవులో ముప్ఫై నాలుగేళ్లు క్రేను నడిపి, ఇరవై టన్నుల పెట్టెని చప్పుడు కాకుండా ఓడలో దించిన మనిషి, గిన్నెడు పాలకి కాపలా కాయలేకపోతున్నాడు. పొయ్యి తుడిచి, మిగిలిన సగం కప్పు పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. వంటింట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అది ఆయన భార్యది. ఆవిడ పోయాక దాన్లో ఆయన ఒక్కసారీ కూర్చోలేదు.

వీధిలో అప్పుడే బూరలు మొదలయ్యాయి. ఊరి మ్యాచ్ రోజు మరి. ఆ ఊళ్లో ఫుట్‌బాల్ జట్లు రెండు. రేవు కూలీలు పెట్టుకున్నది రేవు జట్టు, రంగు ఎరుపు. నూలుమిల్లు వాళ్లు పెట్టుకున్నది మిల్లు జట్టు, రంగు నీలం. తాతల నాటి నుంచీ ఈ రెండూ ఉప్పూ నిప్పూ. ఏడాదికి రెండుసార్లు తలపడతాయి, ఒకసారి వీళ్ల మైదానంలో, ఒకసారి వాళ్ల మైదానంలో. ఆ రెండు రోజులూ వీధి చివర సెలూన్ వాడు ఎర్రవాళ్ల గడ్డాలు పొద్దునే గీసేసి, నీలంవాళ్లని పది తర్వాత రమ్మంటాడు. కత్తి పట్టుకున్నవాడికి ఆ మాత్రం ముందుచూపు ఉండాలి.

అలాంటి ఊళ్లో రేవు జట్టు కోసం ప్రాణమిచ్చే క్రేనాయన మిల్లు వాళ్ల పిల్లని ప్రేమించి చేసుకున్నాడు. రెండు వైపుల పెద్దలూ ఏడాది పాటు ముఖాలు మాడ్చుకున్నారు. మొగుడూ పెళ్లాం మాత్రం చక్కగా రాజీకి వచ్చారు. ఊరి మ్యాచ్ రోజు వంటింటి గడప సరిహద్దు. ఆయన ముందుగదిలో టీవీ చూస్తాడు, ఆవిడ వంటింట్లో రేడియో వింటుంది. ఆట నడిచినంతసేపు ఒకరి మొహం ఒకరు చూడరు. గోడకి ఇవతల ఒకరు అరిస్తే అవతల ఒకరు మూలుగుతారు. ఓడినవాళ్లు కిక్కురుమనకుండా లేచి టీ పెట్టాలి. నలభై ఏళ్లు అదే పద్ధతి.

ఇవాళ గోడకి అవతల ఎవరూ లేరు. టీవీ పెట్టాలా మానాలా తేల్చుకోలేక ఆయన పొద్దుటి నుంచీ రిమోట్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. గెలిస్తే ఎవరికి వినబడేలా అరవాలో ఆయనకి తెలియలేదు.

మధ్యాహ్నం కూతురు వచ్చింది. ఆమె ట్రాము నడుపుతుంది. ఊరి మ్యాచ్ రోజు సెలవు దొరకడం గగనం, అయినా ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకుంది. తల్లి పోయాక ఆమె ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి. రావడం, మందుల సంచీ బల్ల మీద పెట్టడం, వెళ్లిపోవడం. తండ్రి మీద ఆమె మనసు విరిగిపోయి ఉంది.

"తిన్నావా నాన్నా?"

"ఆఁ."

"ఏం తిన్నావ్?"

"ఏదో తిన్నాలే. కూర్చో."

ఆమె కూర్చోలేదు. "అమ్మ కండువా కోసం వచ్చాను. ఇవాళ కంచెకి కట్టాలి."

మిల్లు మైదానంలో ఒక ఆనవాయితీ ఉంది. తమ మైదానంలో ఊరి మ్యాచ్ అయిపోయాక గేట్లు గంటసేపు తెరిచే ఉంచుతారు. ఆ ఏడాది పోయిన అభిమానుల కండువాలని వాళ్ల మనుషులు తెచ్చి గోలు వెనక కంచెకి కట్టుకోవచ్చు. ఏడాది మొత్తంలో ఆ ఒక్క గంటే. ఇవాళ ఆట అక్కడే.

"ఇవ్వను," అన్నాడు క్రేనాయన.

"ఇలాగే అంటావని తెలుసు," అంది కూతురు. "అమ్మని సాగనంపే రోజు ఒంటి మీద కప్పుతానంటే ఏమన్నావ్? 'ఆ నీలం గుడ్డ నా ఇంటి గడప దాటదు' అన్నావ్. అందరి ముందూ అన్నావ్. పిన్ని మొహం తిప్పేసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది."

"అన్నాను. అయితే ఏంటిప్పుడు?"

"ఇవాళైనా ఇయ్యి నాన్నా. నిన్నేం అడిగాను? ఒక్క గుడ్డ."

"ఒకసారి చెప్తే అర్థం కాదా నీకు?"

ఆమె విసురుగా వంటింట్లోకి వెళ్లింది. రేడియో పైన గోడకి ఒక మేకు ఉంది. తల్లి కండువా ఎప్పుడూ దానికే వేలాడేది. ఇప్పుడు మేకు ఖాళీగా ఉంది.

"ఏది? ఎక్కడ పెట్టావ్?"

క్రేనాయన చేతిలో రిమోట్ అటూ ఇటూ తిప్పాడు.

"పారేశావా? నాన్నా, నిన్నే! పారేశావా?"

ఆయన చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"పోయిన మనిషి మీద కూడా గెలవాలా నీకు?" అంది ఆమె. ఏడుస్తోంది. "సరే. నువ్వది తెచ్చి నా చేతిలో పెట్టేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను. ఎంత పంతమో నేనూ చూస్తాను. నీ కూతుర్నే కదా!"

తల్లి కుర్చీలో కూర్చుని రేడియో పెట్టింది. గోడ అవతల కూతురి వెక్కిళ్లు వినలేక క్రేనాయన టీవీ పెట్టాడు. ఆట మొదలయ్యే ఉంది.

ఓ ఇరవై నిమిషాలు గడిచాయి. టీవీలో ఎర్రజట్టు గోల్‌కీపరు తీరిగ్గా బంతిని తన్నడానికి చూస్తున్నాడు. అప్పుడు వంటింట్లోంచి "గోల్!" అని కేక వినబడింది. కోపంలో ఉన్నా ఆ కేక ఆమె నోరు జారి వచ్చేసింది.

పిచ్చిపిల్ల, బంతి ఎక్కడుంది, గోలెక్కడుంది అనుకున్నాడు క్రేనాయన. అనుకుంటుండగానే గోల్‌కీపరు తన్నిన బంతి నేరుగా నీలంచొక్కా కాళ్ల దగ్గర పడింది. అతను రెండడుగులు వేసి కొట్టాడు. వల ఊగింది.

క్రేనాయన లేచి వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు ముందే ఎలా అరిచావ్?"

"రేడియోలో చెప్పారు, అరిచాను."

"టీవీలో ఇంకా పడనే లేదు."

"పడదు. నీ టీవీ ఎనిమిది సెకన్లు వెనక నడుస్తుంది. నేనే కొన్నాను కదా టీవీకి ఆ సెట్‌టాప్ బాక్సు, అది తగిలించినప్పటి నుంచీ అంతే. తొమ్మిదేళ్లయింది."

"అబద్ధం. మీ అమ్మ ఎప్పుడూ నా టీవీతో పాటే అరిచేది. ఒక్కసారి కూడా ముందు అరవలేదు."

కూతురు రేడియో గొంతు తగ్గించింది.

"నీకు నిజంగా తెలీదా?"

"ఏంటి తెలీంది?"

"ఆపుకునేది నాన్నా. గోల్ పడగానే కండువా కొస నోట్లో కుక్కుకుని, పళ్లతో పట్టుకుని కూర్చునేది. నీ టీవీ అందుకున్నాక వదిలి అరిచేది. మీ జట్టు కొట్టినా అంతే, నువ్వు అరిచేదాకా మూలిగేది కాదు. ఎందుకే అమ్మా ఈ తిప్పలు అంటే, 'మీ నాన్న గోలు ఆయన కళ్లతో ఆయనే ముందు చూడాలే, నా నోటితో పాడుచెయ్యకూడదు' అనేది. నీతో చెప్పొద్దని నా దగ్గర ఒట్టు కూడా వేయించుకుంది."

క్రేనాయన గడప పక్క గోడ పట్టుకున్నాడు. ఆ కండువా కొస ఉన్నిపోగులు లేచి, చిందరవందరగా ఉండటం ఆయన ఎన్నోసార్లు చూశాడు. 'మా వాళ్లు గోల్ కొడితే కోపం పట్టలేక కండువా తింటోంది మా ఆవిడ' అని చుట్టాలందరి ముందూ ఎగతాళి చేశాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఒక్క మాట చెప్పలేదు. తొమ్మిదేళ్ల పాటు తాను పక్కగదిలో ఓ శత్రువుని పెట్టుకుని ఆడుకున్నాననుకున్నాడు, పిచ్చివాడు.

ఆయన పడగ్గదిలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో నీలం కండువా ఉంది.

"పారెయ్యలేదమ్మా. దిండు కింద ఉంది. ఇది తల కింద లేకపోతే నిద్ర పట్టదు నాకు. ఆ రోజు నువ్వు అడిగితే... ఇదీ వెళ్లిపోతే ఇంట్లో ఇంకేం మిగులుతుందనిపించింది. అంతమందిలో ఆ మాట అనడానికి నోరు రాలేదు. జట్టు మీదకి నెట్టేశాను. అది చెప్పడం సులువు."

"నాతో చెప్పాల్సింది," అంది కూతురు ఏడుస్తూనే. "ఆరు నెలలు నాన్నా! ఆరు నెలలు నిన్ను తిట్టుకుంటూ ట్రాము నడిపాను. ఈ వీధి ముందు నుంచి వెళ్లేటప్పుడు ఇటు చూసింది కూడా లేదు."

"తిట్టుకో. తప్పేముంది?"

ఆయన వెనక్కి వెళ్లి టీవీ కట్టేశాడు. స్టూలు ఒకటి ఎత్తుకొచ్చి, గడప దాటి, ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లలో ఊరి మ్యాచ్ నడుస్తుండగా క్రేనాయన వంటింట్లో కాలు పెట్టడం అదే మొదటిసారి. కిటికీ ఎంత చిన్నదో, వెలుతురు ఎంత తక్కువో అప్పుడు చూశాడు. ఇక్కడే కూర్చుని ఆవిడ అన్ని ఆటలూ విన్నది.

రెండో సగంలో రేవు జట్టు వరసగా రెండు కొట్టింది. రెండోది చివరి నిమిషంలో. వేరే ఏడాదైతే ఆయన కేకకి వీధి అదిరిపోయేది.

"అరిచెయ్యి నాన్నా, పర్లేదు," అంది కూతురు.

"రావట్లేదే," అన్నాడాయన.

ఈల ఊదారు. ఓడింది నీలంవాళ్లు కాబట్టి కూతురు పద్ధతి ప్రకారం లేచి గిన్నె అందుకుంది. క్రేనాయన ఆ గిన్నె లాక్కుని పక్కన పెట్టాడు.

"టీ తర్వాత. గేట్లు గంటసేపే కదా ఉంటాయి? పద. కత్తెర ఎక్కడుందో చూడు ముందు."

"కత్తెరెందుకు?"

"ఈ కొస నాది. నాకోసం నమిలింది. మిగతాది మీ మిల్లు వాళ్లు తీసుకోండి."

మిల్లు మైదానం గేటు దగ్గర జనం నిశ్శబ్దంగా వరసలో నిలబడి ఉన్నారు. అంత నీలంలో క్రేనాయన ఎర్రటోపీ ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతోంది. తీసెయ్యమని కూతురు సైగ చేసింది, ఆయన వినలేదు. గేటు మనిషి ఎగాదిగా చూశాడు.

"పెద్దాయనా, దారి తప్పావా? గెలిచినవాళ్ల సంబరం అటు, రేవు వైపు."

"తప్పలేదు నాయనా. మా ఆవిడని దింపడానికి వచ్చాను."

గేటు మనిషి ఆయన చేతిలో కండువా చూశాడు. ఇంకేం అనకుండా పక్కకి జరిగాడు.

ముడి క్రేనాయనే వేశాడు. ఓడ తాళ్లకి వేసే ముడి. ఎంత గాలికీ ఊడదు. కూతురు కంచె మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఇద్దరూ గేట్లు మూసేదాకా అక్కడే ఉండి, సాయంత్రం ట్రాములో ఇంటికి బయల్దేరారు. ఎవరో నడుపుతున్న ట్రాములో కూతురు కిటికీ పక్కన కూర్చుంది. బ్రేకు సరిగ్గా వెయ్యట్లేదని డ్రైవరు మీద సణిగింది. ఆరు నెలల తర్వాత ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మామూలు మాట అది.

ఆయన జేబులోంచి, కత్తిరించి ఉంచుకున్న ఆ కండువా కొస తీశాడు. కూతురు బయటికి చూస్తున్నప్పుడు దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని, గట్టిగా కరిచిపట్టి, మనసులో లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు దగ్గరే ఊపిరి తీసుకోవాలనిపించింది. అయిదు. ఆరు. ఏడు. ఎనిమిది.

ఎంతో సేపు పట్టింది. ఎనిమిది సెకన్లు ఇంతసేపు ఉంటాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు.