మెలికలు తీసిన ఆదివారం

చిన్ని తల ఒకపక్క నున్నగా, మరోపక్క ఉంగరాలు ఉంగరాలుగా ఉన్న సమయంలో ఎవరో తలుపు తట్టారు.

ఆదివారం పొద్దున్న తొమ్మిది గంటలు. ఫ్యాను ఆగిపోయింది. చేతిలో స్ట్రెయిట్‌నర్ చల్లారిపోతోంది. వెనకాల నిలబడి జుట్టు పాయలు తీసి అందిస్తున్న అమ్మ, "కరెంటు పోయినట్టుందే," అంటూ వెళ్లి తలుపు తీసింది.

గుమ్మంలో కింది వాటాలోకి కొత్తగా దిగిన అబ్బాయి. మెడలో హెడ్‌ఫోన్స్, ముఖం నిండా చిరాకు.

"ఏమనుకోకండి ఆంటీ. ఇది వరసగా మూడో ఆదివారం. నేను రికార్డింగ్‌లో కూర్చోగానే మీ ఇంట్లో ఏదో ఆన్ చేస్తారు, కింద మెయిన్ పడిపోతుంది. అరగంట చదివిందంతా గాలికి పోయింది..."

అంతలో అతని చూపు చిన్ని మీద పడింది. నున్నటి పక్కా, ఉంగరాల పక్కా మార్చి మార్చి చూశాడు.

"చూడటం అయిపోయిందా?" అంది చిన్ని.

"నాదైపోయిందండీ. మీకే ఇంకా సగం మిగిలినట్టుంది."

అమ్మ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. చిన్ని విసురుగా లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

చిన్ని కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. ఎవరి ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో చూడగానే చెప్పేస్తుంది. చేరిన మొదటిరోజే ఓనరు, "ఆ జుట్టు కాస్త అణిచి రామ్మా. అద్దాలకంటే ముందు అదే కనిపిస్తోంది," అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచి మూడేళ్లుగా ప్రతి బుధవారం, ప్రతి ఆదివారం ఇంట్లో గంటన్నర పాటు ఇదే పని. షాపులో ఓనరు తప్ప ఆమె అసలు జుట్టు చూసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

కింది వాటా అబ్బాయిది గొంతుతో పని. నవలలు పైకి చదివి రికార్డు చేస్తాడు. మైకు ముందు ఎంత గంభీరమో, బయట అంత వాగుడుకాయ. ఆ సాయంత్రమే అమ్మ మధ్యవర్తిగా ఒక ఒప్పందం కుదిరింది. పది గంటల వరకు అతని చదువు. తర్వాత వీళ్ల స్ట్రెయిట్‌నర్. తన పని కాగానే సగం మెట్లెక్కి, "ఇక కానివ్వండి," అని కేకేస్తాడు.

మొదట్లో కేకేసి వెళ్లిపోయేవాడు. తర్వాత ఏదో ఒక మాట పట్టుకుని నిలబడేవాడు. "ఈ పదం ఎలా పలుకుతారండీ?" అనేవాడు. "పుస్తకాలు చదివేది మీరు, అడిగేది నన్నా?" అనేది చిన్ని. "వినేవాళ్లు కూడా ఉండాలి కదండీ," అనేవాడు. స్ట్రెయిట్‌నర్ వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కేది.

ఒక ఆదివారం ఉన్నట్టుండి వాన. ఆరేసిన బట్టలు తేవడానికి చిన్ని ఇంకా సాపు చేయని జుట్టుతోనే డాబా మీదికి పరిగెత్తింది. అతనూ తన చొక్కాల కోసం వచ్చాడు. చేతి నిండా బట్టలతో, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి?"

"ఏం లేదు. చినుకులు కింద పడట్లేదు. మీ జుట్టులోనే ఆగిపోతున్నాయి."

ఆ మాటతో రెండు రోజులు ఆమె కాళ్లు నేల మీద లేవు.

గురువారం షాపునుంచి వస్తుంటే అతని కిటికీ తెరిచి ఉంది. ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. "బాగుంది సార్, కాదనను. కానీ ఆ మెలికలున్నాయే, అవన్నీ తీసేసి సాపు చేస్తే తప్ప నా వల్ల కాదు. ఎంతకాలమని భరించను?"

చిన్నికి మెట్లు కనిపించలేదు. తనకు తెలిసినంతలో మెలికలున్నది ఒక్కచోటే.

మర్నాడు శాశ్వతంగా జుట్టు సాపు చేసే క్రీము డబ్బా కొనుక్కొచ్చింది. ఆదివారం అమ్మ వద్దంటున్నా వినకుండా ఎడమపక్కంతా పట్టించేసింది. ఇరవై నిమిషాలు ఉంచాలని డబ్బా మీద ఉంది. పది నిమిషాలకే మాడు మీద నిప్పులు పోసినట్టయింది. స్నానాలగదిలోకి పరిగెత్తి కుళాయి తిప్పితే, గాలి బుసకొట్టింది తప్ప చుక్క రాలేదు. ట్యాంకు ఖాళీ.

"బాబూ, నీళ్లు," అని అమ్మ మెట్లమీద నుంచే అరిచింది.

అతను హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతుండగానే కింద సంపులోంచి తోడిన రెండు బకెట్లతో పైకొచ్చాడు. అమ్మ పోస్తుంటే అతను మోశాడు. ఆరుసార్లు దిగాడు, ఆరుసార్లు ఎక్కాడు. మంట తగ్గింది కానీ, చెవి పక్కనున్న పాయ చిన్ని చేతిలోకి ఊడి వచ్చేసింది. దాన్ని చూసి అప్పుడు ఏడ్చింది.

"ఈ పని చేయమని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాడతను, ఆయాసపడుతూ.

"మీరే. గురువారం ఫోనులో అన్నారుగా, మెలికలు తీసేస్తే తప్ప భరించలేనని."

అతను కిందికి వెళ్లి ఒక కాగితాల కట్ట తెచ్చి తెరిచాడు. "ఈ వాక్యం చూడండి. పదకొండు లైన్లు. కర్త మొదట్లో ఎక్కడో ఉంటాడు, క్రియ వచ్చేసరికి నాకు ఊపిరి ఆగిపోతుంది. ఎడిటర్ గారితో నేను గోల పెట్టింది దీని గురించి."

ఊపిరి తీసుకోకుండా చదివి చూపించాడు. చివరికొచ్చేసరికి ముఖం ఎర్రబడింది. చిన్ని ఏడుస్తూనే నవ్వింది.

"మీ జుట్టు గురించి నేను ఎవరితోనూ అనలేదండీ," అన్నాడు నెమ్మదిగా. "అంటే మీతోనే అనాలని. ప్రతివారం కానివ్వండి అని కేకేసి దిగిపోయేవాణ్ని. వద్దు, ఇలాగే ఉండండి అందామని నోటిదాకా వచ్చేది. జుట్టు మీది, చెప్పడానికి నేనెవరని ఊరుకున్నాను."

చిన్ని తువ్వాలు అంచు నలిపింది. "ఎవరో మీరే తేల్చుకోండి," అంది.

అతను వెళ్లాక అమ్మ కూతురి తల తుడుస్తూ, "నా జుట్టే నీకొచ్చింది. నీ వయసులో నేను ఇస్త్రీపెట్టె కింద తల పెట్టుకునేదాన్ని. నువ్వు ఆ ఉంగరాలు వద్దనుకుంటే నేనే వెనకాల నిలబడి పాయలు అందించాను," అంది. చిన్ని అమ్మ చెయ్యి పట్టుకుంది.

సోమవారం ఉంగరాల జుట్టుతోనే షాపుకు వెళ్లింది. క్రీము సగంలోనే కడిగేయడంతో ఉంగరాలు మిగిలాయి, చెవి పక్క మాత్రం కురచగా ఉంది. ఓనరు ఒకసారి తలెత్తి, "జుట్టేదో మార్చినట్టున్నావే, బాగుంది," అని మళ్లీ ఫ్రేములు సర్దుకోవడంలో పడ్డాడు. మూడేళ్లనాటి మాట ఆయనకు గుర్తే లేదు. చిన్నికి కోపం రావాలి. తల తేలికైనట్టనిపించింది, అంతే.

సాయంత్రం షాపు ముందు అతను నిలబడి ఉన్నాడు. ఇద్దరూ నడిచే వచ్చారు. పావుగంట దారి గంట పట్టింది.

అలా నెల గడిచింది. ఒకరోజు వాళ్లు మెట్ల దగ్గర నిలబడి, లోపలికి వెళ్లాలన్న ధ్యాసే లేకుండా కబుర్లాడుతుంటే అమ్మ పైనుంచి తొంగిచూసింది.

"బాబూ, మీ అమ్మగారి నంబరివ్వు."

"ఎందుకండీ?"

"ఆవిడతో నేను మాట్లాడతాను. మీ కబుర్లయ్యేదాకా ఆగితే ఈ పిల్ల జుట్టు నెరిసిపోయేలా ఉంది."

"అమ్మా," అంది చిన్ని, కానీ ఆపలేదు.

పుస్తకాలకు పుస్తకాలు తడబడకుండా చదివే ఆ మనిషి పది అంకెలు చెప్పడానికి మూడుసార్లు తప్పాడు.