దాటేసిన పేజీలు

సాయంత్రం నాలుగుంబావు. బ్రాడీపేటలో సన్నని తుంపర, గాలి లేదు. పుట్టింట్లో ఉన్న తేజశ్రీ, మూడు నెలల కూతురిని ఒళ్లో జోకొడుతూ, తలగడ కింద నుంచి నవల తీసింది. రెండో వాక్యానికే తల్లి హనుమాయమ్మ దాన్ని లాగేసుకుంది.

"బాలింత చదివితే కళ్లు పోతాయే."

"ఇట్లాగైతే చదవటమే మర్చిపోతానమ్మా."

తేజశ్రీ భయం అదే. ఒకప్పుడు అన్నం ముందు కూడా నవల వదలని మనిషి, ఇప్పుడు గ్రైప్‌వాటర్ సీసా మీది అక్షరాలతో సరిపెట్టుకుంటోంది. భర్త చైతన్యకృష్ణతో మాటలూ ఆ మేరకే కుదించుకుపోయాయి: పాలు తాగిందా, పడుకుందా.

అతడు మిర్చి యార్డులో గుమస్తా. ఒంటిమీది ఘాటుకు పాప తుమ్ముతుంది కనుక, రోజూ అత్తవారింట స్నానం చేసి గాని గదిలోకి రాడు. ఆ రోజు తల తుడుచుకుంటూ తగవు విన్నాడు.

"చదవొద్దన్నారు గాని, వినొద్దన్లేదుగా అత్తయ్యగారూ?"

హనుమాయమ్మ లాక్కున్న నవలను అటూ ఇటూ తిప్పి చూసి, అతని చేతికిచ్చింది. మిగిలినదంతా అందువల్లనే జరిగింది.

మర్నాటి నుంచి అతడు చదవసాగాడు. వాన గురించి చదివినా యార్డులో ధర చెబుతున్నట్టే ఉండేది. పాప మాత్రం హాయిగా నిద్రపోయేది. హనుమాయమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీసే నెపంతో గుమ్మంలో కూర్చునేది. ఆమె వింటున్నదన్న సిగ్గుతో, ప్రేమ ఘట్టం రాగానే అతడు గుట్టుగా పేజీలు తిప్పేసేవాడు.

వారం తిరిగేసరికి కథ చిక్కులో పడింది.

"ఆగండి బాబూ," అంది హనుమాయమ్మ. "మొన్న మొహాలు కూడా చూసుకోం అన్నవాళ్లు ఇవాళ శుభలేఖలు పంచుతున్నారేంటి?"

"రాజీపడ్డారండీ."

"ఎట్లా పడ్డారు?"

తేజశ్రీ నవ్వాపుకుంది. "పేజీలు మింగేశారమ్మా. తిప్పే చప్పుడు నాకు వినబడుతూనే ఉంది."

"అత్తయ్యగారి ముందు అవన్నీ ఎట్లా చదవను?"

"నేను వంటింట్లో ఉంటాలెండి," అని హనుమాయమ్మ లేచింది. "కాస్త గట్టిగా చదవండి."

అతడు పేజీలు వెనక్కి తిప్పాడు.

"నువ్వు ఎదురుగా ఉన్నా, నీ మీద బెంగగానే ఉంది."

ఈసారి అది యార్డు గొంతు కాదు. తేజశ్రీ వంగి పేజీ చూసింది.

"ఇందులో ఆ మాట లేదే."

"లేదు. అది నాది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "తర్వాతేమైంది?"

తేజశ్రీ అతని చేతిలోంచి పుస్తకం తీసుకుంది. "తర్వాతది నేను చదువుతానమ్మా."

హనుమాయమ్మ వద్దనలేదు.

ఎనిమిదేళ్లకు ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది. డాక్టరు చదవొద్దన్నన్నాళ్లూ మనవరాలే పక్కన కూర్చుని నవల చదివి వినిపించింది. ఒక్క పేజీ కూడా దాటెయ్యలేదు.