పెరట్లో పాచి

“నర్మదా, ఆగు! గా యాసిడ్ అందుల పొయ్యకు!”

గోడ అవతలి నుంచి వచ్చిన కేకకు నర్మద చెయ్యి ఆగిపోయింది. పక్కింటి ధర్మేందర్ ఆమెను పేరు పెట్టి పిలిచి పది నెలలైంది.

ముందున్న బకెట్లో బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు. చేతిలో బాత్రూం కడిగే యాసిడ్ సీసా. నారాయణఖేడ్‌లో వారం నుంచి ముసురు. పెరట్లో బండలు పచ్చగా పాచి పట్టాయి, వంటింటి గోడ మీద నల్లగా బూజు లేచింది.

కిందటి వానాకాలం ఈ బండల మీదే ఆమె తల్లి కిష్టవ్వ కాలు జారి పడింది. తుంటి విరిగి దవాఖానకు వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

ధర్మేందర్ వాళ్ల ట్యాంకు పైపు పగిలి, నీళ్లన్నీ ఇటే కారేవి. బాగు చేయిస్తానని నవ్వుతూ నాలుగుసార్లు అన్నాడు. ఆ నవ్వంటే నర్మదకు ఇష్టం. పైపు సంగతి అడిగే వంకతో గోడ దగ్గర నిలబడటం ఇంకా ఇష్టం. తల్లి పోయాక అతని ముఖం చూడటం మానేసింది.

“నా పెరడు నేను కడుక్కుంట. నీకేంది?”

“కడుక్కో. గానీ గా రెండు కలిస్తే విషం గాలి లేస్తది, ఊపిరాడది. మా దుకాణంల యాసిడ్ కొనేటోళ్లందరికీ గిదే చెప్త.”

ఆమె సీసా మూత బిగించి దూరంగా పెట్టింది. అతను గేటు తీసుకుని వచ్చాడు. ఆమె పొమ్మనలేదు. బ్లీచింగ్ నీళ్లు బండల మీద చల్లి, కాసేపు నాననిచ్చి, ఇద్దరూ చెరో చీపురుతో రుద్దారు.

“వంటింటి గోడకు సర్ఫ్ నీళ్లు చాలు. కిటికీ తెరిచి పెట్టు,” అన్నాడు. తర్వాత తల వంచుకుని, “తప్పు నాదే నర్మదా” అన్నాడు.

“నేనుసుత గట్టిగ అడగలే.” ఆమె చీపురు గోడకు ఆనించింది. “పైపు బాగైతే నువ్వు గోడకాడికి రావని.”

ధర్మేందర్ చేతులు కడుక్కుని నేరుగా లోపలికి వెళ్లాడు. మంచం మీద నర్మద తండ్రి సంగప్ప కూర్చుని ఉన్నాడు.

“కాకా, అవ్వ పడ్డది మా పైపు నీళ్ల మీదనే. నేను బాగు చేయించలే.”

నర్మద గడపలోనే నిలబడిపోయింది.

“ఎరుకే,” అన్నాడు సంగప్ప. “దవాఖానల ఆమెనే చెప్పింది. పిల్లకు గా పోరడంటే పానం, వాని మీద కోపం పెట్టుకోకు అన్నది.”

“మరి నాకెందుకు చెప్పలే నాయినా?”

“ఆమె మాట నోటికి తెచ్చుకుంటే నాకు ఏడుపొస్తది బిడ్డా.”

అమ్మ పోయిన నాడు కూడా కన్నీళ్లు బిగబట్టుకున్న నర్మద, గడప మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ధర్మేందర్ వచ్చి ఆమె పక్కన, కొంచెం ఎడంగా, కూర్చున్నాడు.

బయట వాన మళ్లీ మొదలైంది. సంగప్ప కళ్లు తుడుచుకుని, “సంవత్సరికం కానియ్యి,” అన్నాడు ధర్మేందర్‌తో. “అయినంక పిల్లనడగనీకి మీ అవ్వను తోల్కరా.”