తేదీ లేని గడియ

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెని కంప్యూటరమ్మ అనే పిలుస్తారు. పాత ప్రోగ్రాంలో ఉన్న రోగుల వివరాలు కొత్తదాంట్లోకి ఎక్కించడం ఆమె పని. అన్నీ ఒక ఎత్తు, ఆ తేదీలూ టైములూ ఒక ఎత్తు! ఒక ప్రోగ్రాం గంటలు కలుపుతుంది, ఇంకోటి తీసేస్తుంది. తెల్లవారుజామున పుట్టిన బిడ్డ కాస్తా ముందురోజే పుట్టేసి కూర్చుంటుంది. తేదీల జోలికెళ్ళి బాగుపడ్డ ప్రోగ్రామరు లేడని ఆమె రోజూ తిట్టుకుంటూనే ఉంటుంది.

ఆవేళ పని మీద ధ్యాసే లేదు. పైన మూడో అంతస్తులో తమ్ముడున్నాడు. పొద్దున్నే అపెండిక్స్ ఆపరేషన్ అయింది. చిన్నదే, భయమేం లేదన్నారు. అయినా అమ్మా నాన్నా పోయాక తన చేతుల మీద పెరిగిన పిల్లాడు. మనసు ఒకచోట నిలవదు కదా.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. నేలమాళిగ గదిలో కిటికీ లేదు. ఏసీ గొణుగుడు, తడిసిన గోడల వాసన. ఇప్పుడు వార్డులో ఉన్నవాళ్ళ జాబితా తెరిచింది. ముగ్గురి పేర్ల పక్కన 'చనిపోయిన టైము' నిండి ఉంది. మొదటిది ఏడో మంచం, మూడూ రెండు. గోడ మీద గడియారం చూస్తే ఇంకా రెండూ యాభై ఎనిమిదే.

"మళ్ళీ గంటలు కలిపి చచ్చింది" అని గొణుక్కుంది.

నాలుగైదు నిమిషాలకి ఫోను మోగింది.

"మేడం, ఏడో మంచం పెద్దాయన ఇప్పుడే పోయారు. కంప్యూటర్లో ఎలా ఎక్కించాలి?" నర్సు అడిగింది.

"ఎక్కించేశారుగా?"

"లేదు మేడం, నేనింకా ముట్టుకోనేలేదు."

ఫోను పెట్టేసి మళ్ళీ జాబితా చూసింది. రెండో పేరు పన్నెండో మంచం, మూడున్నర. మూడోది... తమ్ముడిది. నాలుగూ పది.

ఛీ, కాకతాళీయం అనుకుంది. నర్సుకి ఫోన్ చేస్తే మీ తమ్ముడు హాయిగా పడుకున్నాడంది. సరిగ్గా మూడున్నరకి లిఫ్టు సందులోంచి ఎవరో ఆడమనిషి గొల్లున ఏడవడం వినిపించింది.

ఇక చేతులు ఆగలేదు. తమ్ముడి పేరు పక్కన టైము చెరిపింది. మళ్ళీ వచ్చింది. ఒకసారి నిండాక ఖాళీగా వదిలితే కుదరదంది. ఆ టైముకే యాభై ఏళ్ళ తరవాతి తేదీ తగిలించి నొక్కింది. తీసుకుంది! అమ్మయ్య అనుకుని మళ్ళీ తెరిచి చూస్తే... నాలుగూ పది. అప్పుడు తట్టింది. ఆ గడి చేసిందే గంటా నిమిషమూ దాచడానికి. తేదీ ఇస్తే అవతల పారేస్తుంది.

నాలుగూ ఎనిమిది అయింది. దాటిపోయిన టైము వేస్తే సరి, పోయిన గడియ మళ్ళీ వస్తుందా ఏంటి! మూడూ అయిదు అని కొట్టింది. నిలిచింది.

నాలుగూ పది. పదకొండు. పన్నెండు. ఫోను మోగలేదు.

మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తింది. తమ్ముడు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎలా ఉందిరా?"

"బానే ఉందక్కా. ఇందాక ఎవరో వచ్చాడు. పద పోదాం అని, కాగితం చూసుకుని, అరే, టైము దాటిపోయిందే అన్నాడు."

"ఎవర్రా?"

"ఏమో. మొహం చూద్దామంటే కనపళ్ళేదు. మూడూ అయిదుకి వస్తాడట."

"ఏ రోజు?"

"నేనూ అదే అడిగా. కాగితంలో తేదీ లేదు బాబూ, నాకు ఏ రోజైనా ఒకటే... అన్నాడు."

ఆమె వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మణికట్టు మీద నీలం సిరా, ఇంకా తడిగానే ఉంది. మూడూ అయిదు. ఎవరు రాశారో గానీ, ఆ చేతిరాత మాత్రం ఆమెదే.