ఎండదుప్పటి

భూగర్భ విశాఖలో తెల్లవారడమంటే గోడదీపాలు పసుపు రంగుకి తిరగడమే. పైన ఎండ మనిషిని మాడ్చేస్తుంటే జనం కిందికి దిగి రెండు తరాలైంది. గాలినీ నీటినీ పంటల్నీ తెచ్చుకున్నారు గానీ ఎండను తెచ్చుకోలేకపోయారు. ఒంట్లో డి విటమిన్ అడుగంటింది. మాత్రలు మింగినా ఒంటికి పట్టేవి కావు. ఆ లోటు వల్ల ఆపరేషన్ చక్కగా జరిగిన మనిషి కూడా సంధి పట్టి, మతి తప్పి కలవరించేవాడు, సెలైన్ గొట్టాలు పీకేసుకునేవాడు.

దానికి విరుగుడుగా డాక్టర్ మృణాళిని ఎండదుప్పటి తయారుచేసింది. దాని నేతలో అతినీలలోహిత కాంతినిచ్చే దారాలుంటాయి. కప్పుకుంటే చర్మమే డి విటమిన్ చేసుకుంటుంది. అంచునున్న మాపకం రక్తాన్నీ మెదడు తరంగాల్నీ చదివి మాటల్లో చెబుతుంది. వార్డులో కేకలు సద్దుమణిగాయి. నయమైనవాళ్లకి ఇక తోడెవరూ అక్కర్లేదని సూపరింటెండెంట్ వాళ్ల మంచాల పక్క స్టూళ్లు తీయించేశాడు.

తుంటి ఎముక విరిగి చేరిన సన్యాసిరావుకి మాత్రం నయమైనట్టే అయి, మళ్లీ కలవరింత మొదలైంది. "పడవెళ్లిపోతోంది, తాడు పట్టండర్రా!" అని ఒకటే కేకలు.

"చేతులు కట్టేయించి మత్తుమందిస్తాను. మీ దుప్పటి కూడా తీయించేస్తాను," అన్నాడు సూపరింటెండెంట్.

"సాయంత్రం దాకా ఆగండి. తప్పెక్కడుందో తేల్చకుండా నేనిక్కణ్ణుంచి కదలను," అంది మృణాళిని.

దారాలన్నీ పరీక్షించింది. మాపకాన్ని విప్పి మళ్లీ బిగించింది.

"డి విటమిన్ నిండుగా ఉంది. మెదడు తరంగాల్లో గజిబిజి లేదు," అంది మాపకం.

"మరి ఆ కేకలేమిటి?"

"తెలియదు. ఈయనకు సంధి లేదు."

మృణాళిని పనిముట్లు పక్కన పెట్టి మంచం అంచున కూర్చుంది. "తాతగారూ, మీరు బాగానే ఉన్నారు కదూ?"

ముసలాయన కేకలాపి కళ్లు తెరిచాడు. "సంధిలో ఉన్నన్నాళ్లూ మా అప్పలరాజు నా చెయ్యొట్టుకుని కూకున్నాడమ్మా. నయమైందని నీ యంత్రం సెప్పింది. ఆ పూటే ఎల్లిపోనాడు."

మృణాళిని లేచి కొడుక్కి స్వయంగా కబురు చేసింది, ఎక్కణ్ణించో ఒక స్టూలు మోసుకొచ్చి మంచం పక్కన వేసింది. సూపరింటెండెంట్ అడ్డొస్తే, "మందులో సగం ఇదే. దీన్ని తీస్తే నా దుప్పట్లన్నీ తీసుకుపోతాను," అంది.

అప్పలరాజు వచ్చాడు గానీ కూర్చోలేదు. "తెలివిలో ఉన్న నాన్నతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు డాక్టర్‌గారూ. సంధిలో ఉంటే చెయ్యి పట్టుకుంటే సరిపోయేది," అన్నాడు తలొంచుకుని.

"మాట్లాడొద్దు. ఊరికే కూర్చోండి," అని అతన్ని కూర్చోబెట్టి, దుప్పటి అంచు అతని మోకాళ్ల మీదికి లాగింది.

మాపకం వెంటనే పలికింది: "కొత్త మనిషి. డి విటమిన్ బాగా తక్కువ. వైద్యం అవసరం."

సన్యాసిరావు తల తిప్పి కొడుకు మొహం పరకాయించి చూశాడు. ఎంత పాలిపోయాడు! దుప్పటి కింద వెతికి వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కూకోరా నాన్నా, ఎల్లకు. నేనున్నాను," అన్నాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఈడికి నయమైపోనాదని ఆ యంత్రం సేత అప్పుడే సెప్పించకు తల్లీ," అన్నాడు.